వంకర అర్రకు ఎన్ని బండలు?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక లెక్క మేస్త్రీ చెబుతాడు. సిమెంటు లెక్క దుకాణం వాళ్లు చెబుతారు. బండల లెక్క బండల అడ్డా వాళ్లు చెబుతారు. డబ్బు మాత్రం మనం కడతాం. డబ్బు కట్టేది మనమైతే లెక్క కూడా మనకే తెలియాలి కదా?

ఈ పాఠంలో ఒక అర్రకు (గదికి) ఎన్ని బండలు కావాలో లెక్క కట్టడం నేర్చుకుందాం. అదీ నాలుగు మూలలు సరిగ్గా ఉన్న అర్ర కాదు. వంకర అర్ర.

మా మేనత్త ఇల్లు

ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని పోతే బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, జోడిమెట్ల వస్తాయి. ఆ తరువాత అన్నోజిగూడ. అది దాటితే ఘట్‌కేసర్. మా మేనత్త ఇల్లు అన్నోజిగూడలోనే ఉంది. ఆమె కూరగాయలు అమ్ముతుంది. సాయంత్రం మా క్లాసుకు వస్తుంది. సంతకం దాటి ఇప్పుడు నాలుగు వాక్యాలు చదువుతుంది. కూడికలు, గుణకారాలు చేస్తుంది.

రెండేళ్ల కిందట అత్త ఒక అర్రకు బండలు వేయించింది. లెక్క తక్కువైంది. పని సగంలో ఆగింది. ఆరు బండలు తక్కువ పడ్డాయి. ఆరు బండల కోసం మళ్లీ ట్రాలీ ఆటో కిరాయి కట్టింది. మేస్త్రీకి ఒక రోజు కూలి ఊరికే పోయింది. పైగా రెండోసారి వచ్చిన బండల రంగు కలవలేదు. ఈ రోజుకు కూడా ఆ మూల అతుకు వేసిన చీరలాగ కనబడుతుంది.

ఈసారి రెండో అర్ర. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. బండల అడ్డా మనిషి వచ్చి టేపు పట్టాడు. "పొడుగు పదిహేనున్నర, వెడల్పు పద్నాలుగు. 217 అడుగులు పడ్తయి" అన్నాడు.

అత్త నా దగ్గరకు వచ్చింది. "బిడ్డా, పోయినసారి తక్కువ చేసి మోసపోతి. ఈసారి ఎక్కువ చెప్తుండని అనుమానమైతంది. అర్ర చూస్తే నాలుగు మూలలు ఒక్క తీరు లేవు. గల్లీ వంకర పోయింది, గోడ దాని ఎంబడే పోయింది. దీనికి లెక్క ఎట్ల కడ్తరు?" అని అడిగింది.

నిజం చెబుతాను. నేను కూడా కొంచెం తడబడ్డాను. మేం చదివిన పుస్తకంలో గదులన్నీ నాలుగు మూలలు చక్కగా ఉంటాయి. ఊళ్లో ఇళ్లు అట్లా ఉండవు. ఇద్దరం కలిసి టేపు, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాం.

చుట్టుకొలత వేరు, వైశాల్యం వేరు

ముందు ఒక మాట తెలుసుకుందాం. చీర అంచుకు లేసు కుట్టాలంటే అంచు పొడవు కొలుస్తాం. అది చుట్టుకొలత. దాన్ని అడుగుల్లో చెబుతాం. నేల మీద చాప పరవాలంటే నేల ఎంత ఉందో చూస్తాం. అది వైశాల్యం. దాన్ని చదరపు అడుగుల్లో చెబుతాం.

ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న గడి ఒక చదరపు అడుగు. అర్రలో అలాంటి గడులు ఎన్ని పడతాయో అదే అర్ర వైశాల్యం. బండలకు కావలసింది ఇదే. బజారులో దీన్నే ఊరికే "అడుగు" అంటారు. "అడుగుకు ఇంత ధర" అంటే చదరపు అడుగుకు అని అర్థం.

ప్లాటు కొనేటప్పుడు గజాలు అంటాం కదా. ఒక గజం అంటే 3 అడుగులు. 3 ను 3 తో గుణిస్తే 9. అంటే ఒక చదరపు గజంలో 9 చదరపు అడుగులు ఉంటాయి. మూడు కాదు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు.

అంగుళాలతో జాగ్రత్త

ఒక అడుగుకు 12 అంగుళాలు. పది కాదు. కాబట్టి:

3 అంగుళాలు అంటే పావు అడుగు (0.25)
6 అంగుళాలు అంటే అర అడుగు (0.5)
9 అంగుళాలు అంటే ముప్పావు అడుగు (0.75)

ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. ఫోనులో లెక్కల మిషను ఉంది. 3 అడుగుల 6 అంగుళాలను దానిలో 3.6 అని కొట్టకూడదు. 3.5 అని కొట్టాలి. మిషను తప్పు చేయదు. మనం తప్పు చెబితే తప్పు జవాబు ఇస్తుంది.

జానతో, మూరతో కొలవవద్దు. మీ మూర వేరు, మేస్త్రీ మూర వేరు. టేపుతోనే కొలవాలి. టేపు వదులుగా పట్టవద్దు. గోడ గోడకు బిగించి పట్టాలి. ప్రతి కొలతను రెండుసార్లు చూడాలి. వెంటనే రాసుకోవాలి. నోటితో అనుకున్న కొలత గుమ్మం దాటేలోపు మారిపోతుంది.

ముందు బొమ్మ గీయాలి

అత్త అర్ర బొమ్మను నేల మీద సుద్దతో గీశాం. కొలతలు ఇవి:

ముందు గోడ 14 అడుగులు.
వెనుక గోడ 10 అడుగులు.
ఎడమ గోడ 12 అడుగులు. ఇది నిటారుగా ఉంది.
కుడి గోడ 12 అడుగుల 8 అంగుళాలు. ఇది గల్లీ వైపు ఉంది, ఏటవాలుగా పోయింది.
వెనుక గోడలో మెట్ల కింద ఒక గూడు ఉంది. దాని వెడల్పు 5 అడుగులు, లోతు 3 అడుగుల 6 అంగుళాలు.
ఎడమ వైపు వెనుక మూలలో నేల నుంచి కట్టిన వంట గట్టు ఉంది. అది 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు.

ఎడమ గోడ నిటారుగా ఉందని ఎట్లా తెలిసింది? మేస్త్రీ దగ్గర మూలమట్టం ఉంటుంది. మూలమట్టం లేకపోయినా చూడవచ్చు. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగుల దగ్గర గుర్తు పెట్టండి. రెండో గోడ మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టండి. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు. తక్కువ వచ్చినా ఎక్కువ వచ్చినా మూల వంకర. 3, 4, 5. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు.

ముక్కలు చేద్దాం

పెద్ద రొట్టె ఒక్కసారి నోట్లో పట్టదు. ముక్కలు చేసుకుని తింటాం. వంకర అర్ర కూడా అంతే. దాన్ని తెలిసిన ఆకారాలుగా ముక్కలు చేయాలి.

వెనుక గోడ కుడి మూల నుంచి ముందు గోడ దాకా తిన్నగా ఒక దారం లాగాం. అర్ర రెండు ముక్కలైంది.

మొదటి ముక్క: నాలుగు మూలలు సరిగా ఉన్న ముక్క. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. 10 ను 12 తో గుణిస్తే 120 చదరపు అడుగులు.

రెండో ముక్క: గల్లీ వైపు ఉన్న మూడు మూలల ముక్క. దీన్ని త్రిభుజం అంటారు. ముందు వైపు 4 అడుగులు, దారం పొడవు 12 అడుగులు.

త్రిభుజానికి లెక్క ఎట్లా? ఒక కాగితం తీసుకోండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు కత్తిరించండి. రెండు త్రిభుజాలు వస్తాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. రెండూ సమానం. అంటే త్రిభుజం నిండు కాగితంలో సగం. కాబట్టి గుణించి సగం చేయాలి. 4 ను 12 తో గుణిస్తే 48. అందులో సగం 24 చదరపు అడుగులు.

ఏటవాలు గోడ పొడవు 12 అడుగుల 8 అంగుళాలు ఉంది కదా. ఆ కొలత ఈ లెక్కలోకి రానే రాదు. నిటారుగా లాగిన దారం కొలతే వస్తుంది.

కూడుదాం, తీసేద్దాం

మూడో ముక్క: మెట్ల కింద గూడు. 5 ను మూడున్నరతో గుణిస్తే 17.5 చదరపు అడుగులు.

మూడు ముక్కలూ కూడితే: 120 + 24 + 17.5 = 161.5

వంట గట్టు కింద బండలు అక్కర లేదు. 4 ను 2 తో గుణిస్తే 8. దాన్ని తీసేయాలి.

161.5 - 8 = 153.5 చదరపు అడుగులు

అత్త అర్ర నేల ఇంతే. మరి అడ్డా మనిషికి 217 ఎట్లా వచ్చింది? అన్నిటికంటే పొడుగు కొలత తీసుకున్నాడు. అన్నిటికంటే వెడల్పు కొలత తీసుకున్నాడు. రెండూ గుణించాడు. పొడుగులో గూడు లోతు కూడా కలిపాడు. గూడు 5 అడుగుల వెడల్పే. కానీ 14 అడుగుల వెడల్పు ఉన్నట్టు లెక్క వేశాడు. లేని నేలకు కూడా బండలు చెప్పాడు.

ఒక పాత లెక్క

"ఎదురెదురు గోడలు కూడి సగం చేయి. ఆ రెండు సగాలు గుణించు. వైశాల్యం వస్తది" అని కొందరు పెద్దలు చెబుతారు. నేను కూడా ముందు అదే వేశాను. గూడు, గట్టు పక్కన పెట్టి అర్ర వరకే చూద్దాం. 14, 10 కూడితే 24, సగం 12. 12 అడుగులు, 12 అడుగుల 8 అంగుళాలు కూడి సగం చేస్తే 12 అడుగుల 4 అంగుళాలు. గుణిస్తే 148 వచ్చింది. ముక్కల లెక్కలో 120, 24 కలిపి 144 వచ్చింది. 4 అడుగుల తేడా.

ఇది చాలా పాత పద్ధతి. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. అందులో ఈ పద్ధతి ఉంది. అయితే ఇది ఉజ్జాయింపు లెక్క అనీ, సూక్ష్మమైన లెక్క వేరే ఉందనీ ఆయన విడదీసి చెప్పాడు. ఆ పుస్తకాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మల్లన 11వ శతాబ్దం వాడని చెబుతారు. అంటే నేలను కొలిచే లెక్క మన భాషలో ఎప్పుడో ఉంది. చదువు వచ్చిన కొద్దిమంది దగ్గరే ఉండిపోయింది.

అర్ర కొద్దిగా వంకర అయితే ఉజ్జాయింపు తేడా తక్కువ. వంకర పెరిగిన కొద్దీ తేడా పెరుగుతుంది. ఆ తేడా ఎక్కువ వైపే వస్తుంది. అంటే మన జేబుకే చిల్లు.

నాలుగు గోడలూ వంకరగా ఉంటే ఎట్లా? ఒక మూల నుంచి ఎదురు మూలకు దారం కట్టండి. రెండు త్రిభుజాలు వస్తాయి. దారం పొడవు కొలవండి. తరువాత మిగిలిన ఒక్కో మూల నుంచి దారానికి నిటారుగా ఎంత దూరమో కొలవండి. దారం పొడవును ఆ దూరంతో గుణించి సగం చేయండి. రెండు త్రిభుజాలకూ అట్లాగే చేసి కూడండి. ఎంత వంకర అర్ర అయినా లెక్కకు లొంగుతుంది.

తరుగు ఎంత?

బియ్యం చెరిగితే నూకలు పోతాయి. బండలు కోస్తే ముక్కలు పోతాయి. దింపేటప్పుడు ఒకటి రెండు పగులుతాయి. దీనికి కొంత ఎక్కువ తెచ్చుకోవాలి. మూలలు సరిగా ఉన్న అర్రకు నూటికి 5 చాలు. ఏటవాలు గోడ ఉంటే నూటికి 10 వేసుకోవాలి. ఎందుకంటే ఏటవాలు గోడ వెంట ప్రతి వరుసలో చివరి బండను కోయాల్సిందే.

అత్త అర్రకు 153.5 లో నూటికి 10 అంటే సుమారు 15.5. రెండూ కూడితే 169 చదరపు అడుగులు.

రెండడుగుల బండ అంటే రెండు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు. అంటే 4 చదరపు అడుగులు. 169 ని 4 తో భాగిస్తే 42 పైన కొంచెం. అర బండ, పావు బండ అమ్మరు కదా. పైకి జరిపి 43 అనుకోవాలి.

గడుల నోటుబుక్కుతో సరిచూద్దాం

లెక్క ఒప్పో తప్పో ఇంకో దారిలో చూసుకోవాలి. పిల్లల లెక్కల నోటుబుక్కులో గడులు ఉంటాయి. ఒక గడి ఒక బండ అనుకుని అర్ర బొమ్మ గీశాం. గోడ కొంచెం తగిలిన గడిని కూడా ఒక నిండు బండగా లెక్కపెట్టాం.

ముందు మూడు వరుసల్లో ఏడేసి బండలు, మొత్తం 21. వెనుక మూడు వరుసల్లో ఆరేసి, మొత్తం 18. గూటిలో 6. గట్టు కింద 2 తీసేశాం. 21, 18, 6 కూడి 2 తీస్తే 43 వచ్చింది.

రెండు దారుల్లో ఒకే జవాబు! అత్త ముఖం విచ్చుకుంది. "గుణకారం రాకున్నా గడులు లెక్కపెడ్తే చాలు గదా" అంది. నిజమే. గడులు లెక్కపెట్టడమే వైశాల్యం.

బండను కూడా కొలవాలి

మరుసటి రోజు అడ్డాకు పోయాం. అత్త టేపు తీసి బండ మీద పెట్టింది. 24 అంగుళాలు ఉండాలి. 22 అంగుళాలే ఉంది!

పాలిష్ చేసి కోసిన బండలు చాలా చోట్ల 22 అంగుళాలవే వస్తాయి. అందులో తప్పు లేదు. కానీ దాన్ని నిండు రెండడుగుల బండగా లెక్కపెడితే మనం మునిగిపోతాం. ఎట్లాగో చూడండి.

22 ను 22 తో గుణిస్తే 484 చదరపు అంగుళాలు. ఒక చదరపు అడుగుకు 144 చదరపు అంగుళాలు. 484 ని 144 తో భాగిస్తే సుమారు 3.36. అంటే ఆ బండ 4 అడుగులు కాదు, మూడుంపావు అడుగుల పైన కొంచెం మాత్రమే.

ఆ బండలు 43 తెస్తే 144 అడుగుల పైన కొంచెం వస్తుంది. అత్త అర్ర నేలే 153.5. పోయినసారి లాగ మళ్లీ తక్కువ పడేవి.

169 ని 3.36 తో భాగిస్తే 50 పైన కొంచెం. అంటే 51 బండలు. తరువాత ఎప్పుడైనా ఒక బండ పగిలితే అదే రంగు దొరకదు. అందుకని రెండు ఎక్కువ తీసుకున్నాం. మొత్తం 53 బండలు. అవి 178 చదరపు అడుగులు అవుతాయి.

అడుగుకు 40 రూపాయలు అనుకుందాం. ధర రోజు రోజుకు మారుతుంది, లెక్క మారదు. 217 అడుగులకు 8,680 రూపాయలు. 178 అడుగులకు 7,120 రూపాయలు. తేడా 1,560 రూపాయలు. అప్పు తెచ్చిన డబ్బులో ఇది చిన్న మొత్తం కాదు. దాని మీద వడ్డీ కూడా కట్టాలి కదా.

ఈ బండలు ఎక్కడివి?

మన దగ్గర షాబాదు బండలు, తాండూరు బండలు అంటాం. షాబాదు కర్ణాటకలో కలబురగి జిల్లాలో ఉంది. తాండూరు మన వికారాబాద్ జిల్లాలో ఉంది. 1956 కు ముందు రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేవి. ఇవి సున్నపురాయి జాతి. భూమిలో పొరలు పొరలుగా ఉంటాయి. అందుకే పలకలుగా లేస్తాయి. తాండూరులో బూడిద నీలం రంగు, పసుపు రంగు బండలు దొరుకుతాయి. ఒక గనికి, ఇంకో గనికి రంగు తేడా ఉంటుంది. అందుకే కావలసిన బండలన్నీ ఒకేసారి, ఒకే లోడులో తెచ్చుకోవాలి.

టైల్సు వేసుకునేవారికి కూడా లెక్క ఇదే. టైల్సు పెట్టెల్లో వస్తాయి. పెట్టె మీద ఎన్ని టైల్సు ఉన్నాయో, ఎంత నేలకు వస్తాయో రాసి ఉంటుంది. దాన్ని చదవండి. 600 మిల్లీమీటర్ల టైల్సు నాలుగు ఉన్న పెట్టె సుమారు పదిహేనున్నర చదరపు అడుగులకు వస్తుంది. 169 ని 15.5 తో భాగిస్తే దాదాపు 11. కాబట్టి 11 పెట్టెలు. అన్ని పెట్టెల మీద ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి.

చలి దేశాల్లో నేల మీద కొయ్య పలకలు పరుస్తారు. అమెరికా పోయిన మన పిల్లల ఇళ్లలో చూస్తాం. అవి కూడా పెట్టెల్లోనే వస్తాయి. అక్కడ కూడా అర్రను ముక్కలు చేస్తారు, కూడతారు, తరుగు కలుపుతారు. కొయ్య తేమకు ఉబ్బుతుంది. అందుకని గోడ పక్కన కొంచెం సందు వదులుతారు. లెక్క మాత్రం ఒకటే. బండ అయినా, కొయ్య అయినా, గడులే గడులు.

అత్త ఏం చేసింది?

అడ్డా మనిషి బిల్లు రాశాడు. అత్త దాన్ని నా చేతికి ఇవ్వలేదు. తానే చదివింది. వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. "53 బండలు, 178 అడుగులు. సరే" అంది. ఆటో వచ్చాక బండలు దింపుతుంటే గోడ మీద సుద్దతో గీతలు పెట్టింది. ఐదైదు గీతలు. 53 అయ్యాకే కిరాయి ఇచ్చింది.

పని అయ్యాక రెండు బండలు మిగిలాయి. వాటిని మెట్ల కింద నిలబెట్టింది. పాత అర్రలో ఆ అతుకు మూల అట్లాగే ఉంది. "దాన్ని ఉండనీ బిడ్డా. లెక్క రాక ముందుది గది, వచ్చినంక ఇది" అంది.

గుర్తుంచుకోండి

1. బొమ్మ గీయండి. కొలతలు దాని మీద రాయండి.
2. అర్రను ముక్కలు చేయండి. ఒక్కో ముక్క లెక్క కట్టండి.
3. త్రిభుజం అయితే గుణించి సగం చేయండి.
4. ముక్కలు కూడండి. గట్టు, స్తంభం ఉంటే తీసేయండి.
5. తరుగు కలపండి.
6. బండను టేపుతో కొలవండి. ఆ తరువాతే భాగించండి. జవాబు పైకి జరపండి.
7. బిల్లు చదవండి. బండలు లెక్కపెట్టాకే డబ్బు ఇవ్వండి.

మీరు చేయండి

1. ఒక అర్ర 8 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉంది. వైశాల్యం ఎంత?
2. ఒక అర్రలో 9 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న ముక్క ఉంది. దాని పక్కన 3 అడుగులు, 10 అడుగులు కొలతలున్న మూడు మూలల ముక్క ఉంది. నూటికి 10 తరుగు కలపండి. నిండు రెండడుగుల బండలు ఎన్ని కావాలి?
3. మీ ఇంట్లో ఒక అర్రను కొలవండి. గడుల కాగితం మీద బొమ్మ గీసి క్లాసుకు తీసుకురండి. పక్కవారి బొమ్మతో మార్చుకుని ఒకరి లెక్క ఒకరు సరిచూడండి.

జవాబులు: మొదటిది 85 చదరపు అడుగులు. రెండోది 90, 15 కలిపి 105. తరుగుతో సుమారు 116. కావలసినవి 29 బండలు. మూడోదానికి జవాబు మీ ఇంట్లోనే ఉంది.